మూడో టెంకాయ

పోయిన ఆదివారం హోసూరు బస్టాండు పక్కన టీ అంగట్లో కూర్చుని ఉండగా గోడమీది టీవీలో కబడ్డీ వస్తూ ఉంది. మెరిసే బట్టలు, కాళ్ళకు బూట్లు, కింద మెత్తటి రబ్బరు పరుపు. మా రోజుల్లో మోకాలి మీద తోలు మిగిలితే వాడు ఆడనట్టే లెక్క. కూతకు వచ్చినవాడు తిరిగి నడిమి గీత దాటబోతుంటే ఒకడు వెనకనుంచి వాడి బనియను గుంజి పట్టుకున్నాడు. అది పొరపాటున పడ్డ పట్టు కాదు, తెలిసి పట్టిందే, ఆ సంగతి నాకు వాడి భుజం చూస్తేనే తెలిసిపోయింది. అంపైరు ఈల ఊది పసుపుపచ్చ కార్డు చూపించాడు. వాడు బయటికి పోయి కుర్చీలో కూర్చుని, తువ్వాలు మెడమీద వేసుకుని నీళ్ళు తాగాడు. నా పక్కన బన్ను టీలో ముంచుకు తింటున్న పెద్దమనిషి, "రెండు నిమిషాలే కదప్పా, మళ్ళా వస్తాడు," అన్నాడు. ఆయనెవరో నాకు తెలియదు, ఆయన అన్నదాంట్లో తప్పూ లేదు. అయినా నాకు చెప్పరానంత కోపం వచ్చింది. ఇంటికి వచ్చాక గానీ ఆ కోపం ఎవరిమీదో తెలుసుకోలేకపోయాను.

నా ఈడువాళ్ళకు విడమరిచి చెప్పనక్కరలేదు. తొంభైల మొదట్లో మా ఉద్దనపల్లి చుట్టుపక్కల కుర్రవాళ్ళందరికీ ఉన్న ఆశ ఒక్కటే, హోసూరు ఫ్యాక్టరీల్లో ఏదో ఒకదాంట్లో చేరడం. పొద్దున్నే రాయకోట రోడ్డుమీద కంపెనీ బస్సు ఆగేది, అందులో నీలం చొక్కాలవాళ్ళు కిటికీకి తల ఆనించుకుని నిద్రపోతూ కనిపించేవాళ్ళు, ఆ నిద్రను చూసి కూడా అసూయపడిన రోజులవి. నేను కృష్ణగిరిలో ఫిట్టరు చదువు ముగించి, అర్జీలు పెట్టినచోటల్లా పెట్టి, రెండేళ్ళుగా మా మామ టమోటా తోటకు నీళ్ళు కడుతూ ఉండేవాణ్ణి. మా అమ్మ ఎదురుగా ఒక్క మాట అనేది కాదు. కానీ ఆ బస్సు వచ్చే వేళకు ఏదో ఒక పని చెప్పి నన్ను పెరటివైపు పంపించేది. అలా ఎందుకు చేసేదో నాకు చాలా ఏళ్ళకు గానీ తట్టలేదు, తట్టినప్పుడు మనసు కలుక్కుమంది.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. ఊరి కబడ్డీ జట్టుకు ఆయనే పెద్ద. గట్టి గొంతు, మంచి మనసు, బుద్ధి మాత్రం కొంచెం వంకర. కూతకు పోయేంత ఊపిరి నాకు లేదని మొదటి రోజే కనిపెట్టి, నన్ను మూలన నిలబెట్టి పట్టు నేర్పించాడు. వచ్చినవాడి చీలమండ దొరకబుచ్చుకుని కూత ఆగేదాకా వదలకుండా ఉండడమే నా పని. అది నాకు బాగానే అబ్బింది. సాయంత్రం తోటపని కాగానే ఎండిన మడిలో ఆడేవాళ్ళం, ఇంటికి పోతే అమ్మ నా మోచేతులు చూసి పసుపు నూరేది, నూరుతూ తన తమ్ముణ్ణి తిట్టేది.

ఇక్కడ మా వైపు పద్ధతి ఒకటి చెప్పాలి, అది తెలియకపోతే మిగిలిన కథ అర్థం కాదు. కృష్ణగిరి దగ్గర మారెమ్మ జాతరకు ఏటా కబడ్డీ పోటీ జరిగేది, పాతిక ఊళ్ళ జట్లు వచ్చేవి. ఒకప్పుడు ఆ ఆటల్లో తలలు పగిలేవట. అందుకని పెద్దలు ఒక కట్టుబాటు పెట్టారు. బట్ట గుంజడం, జుట్టు పట్టడం, నోరు మూయడం, ఇలా తెలిసి తప్పు చేసినవాడు అప్పటికప్పుడు ఆట ఆపి, బరి అంచున ఉన్న మారెమ్మ గద్దె దగ్గరికి నడిచిపోయి, జనమంతా చూస్తుండగా టెంకాయ కొట్టి చెంపలు వేసుకుని రావాలి. కూతగాడు మాత్రం అవుటు కాకుండా తన వైపుకు తిరిగిపోతాడు, అంతే, పాయింటు ఎవరికీ లేదు. అమ్మవారి ముందున్న మనిషిని ఎవరూ తొందరపెట్టకూడదు. ఆ పెద్దల కాలంలో ఇది చాలా పెద్ద శిక్ష. ఊరందరి ముందు చెంపలు వేసుకున్నవాడి ఇంట్లో ఆ రాత్రి ఎవరూ సరిగా అన్నం తినేవాళ్ళు కాదని మా తాత చెప్పేవాడు.

మా కాలానికి రెండు సంగతులు మారాయి. ఒకటి, సిగ్గు తగ్గింది. రెండోది, ఆటలోకి గడియారం వచ్చింది. పాత ఆటకు గడియారం లేదు, ఒక వైపు అందరూ చచ్చేదాకా ఆడడమే. పోటీలు పెరిగాక సగానికి ఇన్ని నిమిషాలని పెట్టారు గానీ, టెంకాయ కొట్టే వేళలో గడియారం ఆపాలా వద్దా అని ఎవరికీ తోచలేదు. రిటైరైన పీటీ సారొకాయన అంపైరు. ఆయన చేతి గడియారమే అందరికీ ఆధారం, అది నడుస్తూనే ఉండేది. ఈ కిటుకు మొదట పట్టినవాడు మా మామ.

ఆ ఏడు జాతరకు బయలుదేరినప్పుడు మామ సంచిలో మోకాలి పట్టీలు, అయోడిన్ సీసాతో పాటు మూడు టెంకాయలు వేసుకున్నాడు, పీచు తీసి, కొట్టడానికి సిద్ధంగా. "మూడుండాయి రా. మూడు మాట్లు భయం లేదు. ఎప్పుడు వాడాలో నేను చెప్తా," అన్నాడు. మేము పడి పడి నవ్వాం. దేవుడి సొమ్ముతో వేళాకోళమని ఒక్కరికీ అనిపించలేదు, తప్పు చేయకముందే తప్పు కట్టే వస్తువు కొనిపెట్టుకున్నామన్న ఆలోచన కూడా రాలేదు. నాకైతే అంత తెలివి మా మామకే ఉన్నందుకు గర్వంగా ఉండింది, ఉన్నమాట ఒప్పుకోవాలి.

జాతరకు చేరాక తెలిసింది, హోసూరులో ఒక ఫ్యాక్టరీవాళ్ళు తమ కబడ్డీ జట్టుకు మనిషిని వెతుకుతున్నారని. ఆఫీసరొకాయన తెల్ల చొక్కా టక్కు చేసుకుని వచ్చి పందిరి కింద కూర్చున్నాడు. గెలిచిన జట్టులోంచి ఒకరిని, చదువు కూడా చూసి, ట్రైనీగా తీసుకుంటామని మైకులో చెప్పించాడు. మా జట్టులో ఫిట్టరు చదువు ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే. మామ నావైపు చూశాడు. ఆ చూపులో నాకు కంపెనీ బస్సు కనిపించింది, కిటికీ పక్క సీటుతో సహా. మొదటి రెండు టెంకాయలు సెమీఫైనలు దాటడానికే అయిపోయాయి.

ఫైనలు సామల్పట్టి జట్టుతో. వాళ్ళ కూతగాడు నా ఈడువాడే, రాళ్ళు కొట్టే కూలీ కొడుకు, సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. వాడు కూడా నాలాగే ఫిట్టరు చదివి ఖాళీగా ఉన్నాడని ఎవరో చెప్పారు. అబ్బ, ఏం ఊపిరప్పా అది! నడిమి గీత దగ్గర ఎత్తుకున్న కూత మా వెనక గీతదాకా వచ్చి, ఆ చివరినుంచి ఈ చివరికి తిరిగి, ఇద్దరిని తాకి, మళ్ళీ గీత చేరేదాకా ఒక్క చోట కూడా సన్నబడేది కాదు. మైకు పట్టుకున్నాయన వాడు కూతకు వచ్చిన ప్రతిసారీ వాడి పేరు సాగదీసి అరిచేవాడు, జనం ఈలలు వేసేవాళ్ళు. సాయంత్రం అయ్యేసరికి ఆ పేరు చిన్నపిల్లలకు కూడా నోటికి వచ్చేసింది.

ఆట ముగియడానికి రెండు నిమిషాలున్నాయనగా మేము ఒక్క పాయింటు ముందున్నాం. వాడు కూతకు వచ్చాడు. మావాళ్ళిద్దరు ఒకరికొకరు తగులుకుని కిందపడ్డారు, వాడు చేయి చాపితే ఇద్దరూ పోతారు, ఆటా పోతుంది. నేను వాడి వెనక ఉన్నాను. చీలమండ అందే దూరంలో లేదు. నిక్కరు అందే దూరంలో ఉంది. మామ ఏమీ చెప్పలేదు, ఎవరూ ఏమీ చెప్పలేదు, నా చేయి తనంతట తానే పోయిందని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. ముందు టెంకాయ గుర్తుకు వచ్చింది, తరువాతే చేయి పోయింది. నిక్కరు గుంజి పట్టుకుంటే వాడు బోర్లా పడ్డాడు, చేయి మావాళ్ళకు జానెడు ఇవతల ఆగిపోయింది. పీటీ సారు ఈల ఊదాడు.

మామ సంచిలోంచి మూడో టెంకాయ తీసి నా చేతిలో పెట్టాడు. నేను గద్దెవైపు నడిచాను. ఎంత నెమ్మదిగా నడిచానంటే, చూసేవాళ్ళు ఎంత పశ్చాత్తాపమో అనుకుని ఉంటారు. మూడు ప్రదక్షిణలు చేశాను. కళ్ళు మూసుకుని నిలబడ్డాను. టెంకాయ రాతిమీద కొట్టాను, పగలకుండా కొట్టాను. మళ్ళీ కొట్టాను, అది కూడా మెత్తగానే. ముసలమ్మలు చేతులు జోడించారు. పీటీ సారు గడియారం చూసుకుంటూ, నన్ను చూస్తూ, పెదవి కొరుక్కుంటూ నిలబడ్డాడు గానీ, అమ్మవారి ముందున్నవాణ్ణి రమ్మని ఎట్లా పిలుస్తాడు? మూడో దెబ్బకు టెంకాయ పగిలింది. నేను చెంపలు వేసుకుని బరిలోకి అడుగుపెట్టేసరికి చివరి ఈల మోగింది.

ఒక చిప్ప దొర్లుకుంటూ సామల్పట్టివాళ్ళ వైపు పోయింది. ఆ కూతగాడు దాన్ని తీసుకుని, చినిగిన నిక్కరు ఒక చేత్తో పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. కొడతాడనుకున్నాను, కొట్టినా బాగుండేది. "ప్రసాదమన్నా, కింద పడేసినావు," అని చేతిలో పెట్టి పోయాడు. నేను అది తిన్నాను. రుచి బాగానే ఉండింది.

ఆఫీసరు నన్ను పిలిపించి, కష్టసమయంలో బుర్ర పనిచేసేవాళ్ళే ఫ్యాక్టరీకి కావాలని తమిళంలో మెచ్చుకున్నాడు. నెల తిరక్కముందే హోసూరులో చేరిపోయాను. మొదటి రోజు రాయకోట రోడ్డుమీద బస్సెక్కుతుంటే మా అమ్మ పెరట్లోకి పోలేదు, రోడ్డు పక్కకు వచ్చి నిలబడింది. ఆ ముఖం చూశాక, నేను చేసినదాంట్లో తప్పేముందని నాలో నేనే వాదించుకుని గెలిచాను కూడా. టెంకాయ కొట్టాను, చెంపలు వేసుకున్నాను, కట్టుబాటు ప్రకారం లెక్క తీరిపోయింది కదా.

అక్కడితో ఆగి ఉంటే బహుశా ఈ నాలుగు మాటలు రాసేవాణ్ణి కాదు. మరుసటి ఏడు కంపెనీ జట్టుకు మంచి కూతగాడు కావలసివచ్చింది. ఆఫీసరు మిషను దగ్గరికే వచ్చి, ఆ జాతర ఫైనల్లో ఆడిన సామల్పట్టి కుర్రాడు గుర్తున్నాడా, పేరేమిటి, కబురు పెడదాం అని అడిగాడు. నేను ఇంకా ట్రైనీనే, ఉద్యోగం ఖాయం కాలేదు. వాడు వస్తే ఏదో ఒకనాడు భోజనాల దగ్గర ఆ టెంకాయ సంగతి చెబుతాడు, నలుగురూ దాన్ని మోసమంటే, ఆనాడు తెలివని మెచ్చుకున్న ఆఫీసరే నన్ను వేరే కంటితో చూస్తాడు, ఖాయం చేసేటప్పుడు నా పేరు పక్కకు పోతుంది. ఇదంతా ఒక్క క్షణంలో బుర్రలో తిరిగింది. ఆయన మెచ్చుకున్న బుర్రే కదా. "తెలీదు సార్," అన్నాను. ఆయన సరేనని పోయాడు. ధర్మపురివైపునుంచి ఎవరినో తెచ్చుకున్నారు.

తరువాతి కథ మామూలుదే. ఉద్యోగం ఖాయమైంది, పెళ్ళయింది, హోసూరులోనే ఇల్లు కట్టుకున్నాను. మోకాలు చెడి ఆట మానేశాక అంపైరు పని నేర్చుకుని, ఆదివారాలు ఈల మెడలో వేసుకుని కెలవరపల్లి మొదలు ఊత్తంగరై దాకా తిరిగేవాణ్ణి. రెండువేల సంవత్సరం దాటాక పీటీ సారు చూపు మందగించి, మారెమ్మ జాతర ఆటను నాకు అప్పగించాడు. అప్పుడు నేను పెద్దల ముందు కూర్చుని కొత్త కట్టుబాటు అడిగాను. తెలిసి తప్పు చేస్తే గడియారం ఆగాలి, కూతగాడి చేతికి అందే దూరంలో ఎందరుంటే అందరూ అవుటయినట్టు పాయింట్లు ఇవ్వాలి, తప్పు చేసినవాడు ఇక ఆ ఆటలోకి రాకూడదు, టెంకాయ ఆట ముగిశాక కొట్టుకోవచ్చు. తప్పు చేసి సంపాదించింది వాడి దగ్గర మిగలకూడదు, నేను అడిగిందల్లా అంతే. ఒక పెద్దాయన, అమ్మవారికంటే నీ గడియారం గొప్పదా అని కేకలేశాడు. పక్కనున్న పీటీ సారు, ఆ గడియారం దగ్గరే నేను ఒకసారి సిగ్గుపడినాను లెండి అని మెల్లగా అన్నాడు. నావైపు చూడలేదు. కట్టుబాటు మారింది.

దాని దెబ్బ మొదట మా ఊరిమీదే పడింది. రెండో ఆటలోనే మా జట్టు కుర్రాడొకడు సామల్పట్టి కూతగాడి బనియను గుంజాడు. గడియారం ఆపి, మూడు పాయింట్లు వాళ్ళకిచ్చి, మావాణ్ణి బయట కూర్చోబెట్టాను. మావాళ్ళు ఆ తరువాత కోలుకోలేదు, ఐదు పాయింట్ల తేడాతో ఓడిపోయారు. మామ అప్పటికి ఆడడం మానేసినా జట్టు వెంట వచ్చేవాడు, బరిలోకి వచ్చి నా ఈల తాడు పట్టుకున్నాడు.

"నీకు అన్నం పెట్టిన టెంకాయ రా అది! దాన్నే ఆపుతావా? నువ్వు ఎక్కినాక నిచ్చెన లాగేస్తావా?"

ఆయన అన్నదాంట్లో సగం నిజం. నాలుగేళ్ళు నాతో మాట్లాడలేదు, మా అమ్మ పోయిన రోజే మళ్ళీ నా భుజం మీద చేయి వేశాడు.

మా ఊరు ఓడిన ఆ సాయంత్రమే సామల్పట్టి జట్టు వెంట వచ్చిన ఒక మనిషి నా దగ్గరికి వచ్చి, "బాగుండావా అన్నా?" అన్నాడు. జుట్టు ముందే నెరిసింది, గోళ్ళ సందుల్లో తెల్లటి రాతి పొడి. కృష్ణగిరి దగ్గర గ్రానైటు పాలీషు పట్టే చోట ఇన్నేళ్ళుగా పని అట. రెండు మాటలకొకసారి దగ్గుతున్నాడు. దగ్గు ఆగినప్పుడు గానీ గుర్తుపట్టలేదు, ఆ కూతగాడే. ఆ ఊపిరి, మా బరినంతా చుట్టి వచ్చిన ఆ ఊపిరి, రాతి పొడి కింద ఎక్కడ పోయిందో.

"రూలు బాగుండాదన్నా. ఎవరు పెట్టింది?"

నేనేనన్నాను. మెచ్చుకుంటే బాగుండునని ఆశపడ్డాను కూడా, ఎంత సిగ్గులేనితనం! వాడు నవ్వాడు. నవ్వులో విషం లేదు, అదే నాకు ఈనాటికీ తట్టుకోలేని సంగతి.

"ఆ పొద్దు మీ మామ సంచిలో టెంకాయ చూసినాను నేను, ఆట మొదలు కాకముందే. గెలిస్తే అమ్మకు కొడతారు పాపం అనుకుంటిని."

మళ్ళీ దగ్గు వచ్చింది. తగ్గాక, మీ కంపెనీలో ఇంకా జట్టుందా అని మామూలుగా అడిగాడు. ఎప్పుడో తీసేశారన్నాను. ఇప్పుడు చెప్పాలి, వీడికే చెప్పాలి, ఒకప్పుడు నీ పేరు అడిగారు, నేను తెలియదన్నాను అని. నోటిదాకా వచ్చింది. ఈలోగా వాడి జట్టు కుర్రవాళ్ళు టెంపో ఎక్కి హారను కొట్టించారు, వాడు చేయి ఊపి పోయాడు. ఆ హారనుకు నేను సంతోషించాను.

ఇప్పుడు అన్నీ మారాయి. మారెమ్మ బరి ఉన్నచోట ఇళ్ళ స్థలాలకు రాళ్ళు పాతారు, గద్దె మాత్రం ఇనుప కంచె మధ్య మిగిలింది. మా ఫ్యాక్టరీ గేటు ముందు పనికోసం నిలబడేది ఇప్పుడు ఎక్కడెక్కడి పిల్లలో. ఆటకు కార్డులు వచ్చాయి, నాలుగు వైపుల కెమెరాలు వచ్చాయి, ఎవడు ఏ వేలితో బనియను పట్టాడో వెనక్కి తిప్పి చూపిస్తారు. మంచిదే, మేము తడుముకుంటూ వెతికిన న్యాయం ఇప్పుడు పుస్తకంలో అచ్చుపడి ఉంది. నేను పెట్టిన కట్టుబాటు కూడా మంచిదేనని ఇప్పటికీ అంటాను, కాకపోతే అది బరిలో జరిగినదానికే సరిపోతుంది. మిషను పక్కన నిలబడి నేనన్న ఆ ఒక్క మాటకు ఈల ఊదేవాళ్ళు లేకపోయారు, ఆ మాటమీదే ఇరవయ్యెనిమిదేళ్ళు అన్నం తిని ముందుగానే రిటైరయ్యాను.

టీ అంగట్లో కోపం నా మీద నాకేనని తెలిశాక, ఆఫీసరు అడిగిన ఆ పేరు కనీసం ఇక్కడైనా రాద్దామని కాగితాలు తీసుకుని కూర్చున్నాను. మైకులో సాగదీసి అరిచిన ఆ పేరు ఇంకా నా చెవుల్లో మోగుతూనే ఉంది, ఒక్క అక్షరం కూడా మరిచిపోలేదు. ఇంత రాశాను, ఆ పేరు రాయలేకపోయాను.